అంగుళం వదులు

2వ తేదీ, సోమవారం

హెడ్‌మాస్టారు ప్యాంటు వెనక్కి తెచ్చాడు. పాత పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బళ్ళో పొద్దున ప్రార్థన చేయిస్తుంటే జారిందట. పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఉండబట్టి పరువు దక్కిందన్నాడు.

"కళ్ళు తెరిచినవాళ్ళు ఎంతమంది సార్?" అని అడిగాడు బాబాయి.

"ఏడో తరగతి మొత్తం" అన్నాడు ఆయన.

నేను నవ్వలేదు. నెల రోజుల్లో ఇది నాలుగో ప్యాంటు. నాలుగూ నడుం దగ్గర వదులే. బాబాయి మాత్రం ఏమాత్రం తొణక్కుండా, "తప్పు నాది సార్. కళ్ళు మునుపట్లా లేవు, కత్తెర గీత మీద నడవట్లేదు" అని ప్యాంటు అందుకున్నాడు. ప్రతిసారీ ఇదే మాట. తప్పు ఒప్పుకుంటే తప్పు జరగనట్టేనా?

బాబాయికి డెబ్భై నాలుగు. సొంత బాబాయి కాదు, నాన్న స్నేహితుడు. నాకు ఆరేళ్ళప్పటి నుంచీ ఈ షాపులో కత్తెర ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు షాపు నాది. కత్తిరించేది ఆయన, కుట్టేది నేను. కొలతలు కూడా రెండు నెలల కిందటి దాకా ఆయనే తీసేవాడు. ఒకరోజు లాయరుగారి నడుం కొలిచి, వీధిలోకి వినపడేలా "నలభై రెండు. ఊపిరి బిగబట్టినా నలభై రెండే" అన్నాడు. లాయరుగారు ఆ తర్వాత మా వీధిలోంచి నడవడం కూడా మానేశాడు. అందుకని కొలతలు తీసే పని నేను తీసుకున్నాను. కొత్త టేపు కొన్నాను, పసుపుపచ్చది. బాబాయి తన టేపు మెడలో వేసుకుని కటింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఇక మాన్పించాలి. కోపంతో అనడం లేదు. నాకు ఆయన మీద కోపం లేదు. అస్సలు లేదు.

3వ తేదీ, మంగళవారం

పాస్టరమ్మగారు వచ్చింది. ఇరవై రెండో తేదీ ఆదివారం మన చర్చి కట్టి యాభై ఏళ్ళు. పాటల బృందంలో పదకొండు మంది మగవాళ్ళకీ నల్ల ప్యాంట్లు, నల్ల వెయిస్టుకోట్లు కావాలట. మన షాపుకి ఇంత పెద్ద పని వచ్చి ఆరేళ్ళయింది. ఇది బాగా కుదిరితే బళ్ళో యూనిఫారాలు కూడా మనకే ఇప్పిస్తానంది. ఇది చెడితే, ఊరంతా ఒకేసారి ఒకేచోట కూర్చుని చూస్తుంది.

నేను సంతోషంలో ఉండగా చూసి, ఆరోజు పది నిమిషాలు నువ్వు మాట్లాడాలి అని కూడా అంటగట్టింది. కృతజ్ఞత గురించి. వచనం కాగితం మీద రాసిచ్చింది. మొదటి రాజులు, రెండో అధ్యాయం, ఏడో వచనం. సరేనన్నాను. ప్యాంట్ల మైకంలో ఏమడిగినా సరేననేదాన్నే.

4వ తేదీ, బుధవారం

వచనం తీసి చదివాను. దావీదు మంచాన పడి, కొడుకు సొలొమోనుని పిలిచి అప్పగింతలు చెబుతున్నాడు. ఏడో వచనంలో ఏమంటాడంటే, నేను పారిపోయి దిక్కులేకుండా ఉన్నప్పుడు బర్జిల్లయి నన్ను ఆదుకున్నాడు, అతని పిల్లల్ని నీ బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టు అంటాడు. బాగుంది. కానీ పైన రెండు వచనాల్లో ఒకణ్ణి బతకనివ్వొద్దంటాడు. కింద రెండు వచనాల్లో ఇంకొకణ్ణి. మధ్యలో ఈ ఒక్క వచనం. పాస్టరమ్మగారు పైనా కిందా చదివే ఇచ్చిందా అని అనుమానం.

నాన్న కూడా పోయేముందు నాకు మూడు చెప్పాడు. మిషన్ బెల్టు మార్చు. ఎదురు షాపువాడికి ఇస్త్రీపెట్టె ఇవ్వకు. బాబాయిని చూసుకో.

మొదటి రెండూ ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

5వ తేదీ, గురువారం

పాటల బృందాన్ని కొలిచాను. ఊరు ఊరంతా లావెక్కింది. పదకొండు మందిలో ఏడుగురికి మా పుస్తకంలో పాత కొలతలున్నాయి, బాబాయి చేతిరాతలో. ఏడుగురూ నడుం దగ్గర అంగుళం పెరిగారు. తగ్గినవాడు ఒక్కడూ లేడు. బేకరీ ఆయన పెరిగాడంటే అర్థముంది, మిగతావాళ్ళకేం వచ్చింది?

ఇంటికి రాగానే మా ఆయన్ని కూడా నిలబెట్టి కొలిచాను. పోయినేడు బాబాయి కొలిస్తే ముప్పై ఆరు. ఇప్పుడు ముప్పై ఏడు.

"బెల్టు అదే కన్నంలో ఉందే" అన్నాడు.

"బెల్టులు సాగుతాయి" అన్నాను.

పోస్టాఫీసులో రోజంతా కూర్చునే ఉద్యోగం. ఇకమీదట సాయంత్రం సూపు మాత్రమే.

8వ తేదీ, ఆదివారం

చర్చి అయ్యాక మరిది ఒకాయన్ని తీసుకొచ్చాడు. రెడీమేడ్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు కటింగ్ చేశాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇరవై మూడో తేదీ సోమవారం నుంచి వస్తానన్నాడు.

"ఇప్పుడున్న మాస్టారికి తెలుసా?" అని అడిగాడు.

"నేను చెప్తాను" అన్నాను.

చెప్తాను. రేపే చెప్తాను.

9వ తేదీ, సోమవారం

చెప్పలేదు. వాన.

10వ తేదీ, మంగళవారం

చెబుదామని టీ తెప్పించాను. బాబాయి టీ తాగి, "ఏంటమ్మా, ఏదో చెప్పబోయావు?" అన్నాడు. "నల్ల దారం ఇంకో మూడు రీళ్ళు తేవాలి" అన్నాను. వెళ్ళి తెచ్చాడు.

11వ తేదీ, బుధవారం

ప్రసంగం రాయడం మొదలుపెట్టాను. బర్జిల్లయి గురించి రాసుకుంటూ పోతుంటే నాన్న మణికట్టు విరిగిన సంగతి గుర్తొచ్చింది. నాకు ఆరేళ్ళు. మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎనిమిది నెలలు కత్తెర పట్టుకోలేకపోయాడు. అప్పుడు బాబాయి పెద్ద బజారులో పెద్ద షాపులో హెడ్ కట్టరు. ఒకరోజు పొద్దున ఎవరూ పిలవకుండానే వచ్చి, చొక్కా చేతులు మడిచి, నాన్న కత్తెర అందుకున్నాడు. ఆ ఎనిమిది నెలలూ ఆయన కత్తిరించిన బట్టలు నాన్న పేరుతోనే వెళ్ళాయి. చెయ్యి బాగయ్యాక కూడా ఆయన తిరిగి వెళ్ళలేదు. ఆ పెద్ద షాపువాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు కూడా.

ఇది ప్రసంగానికి అచ్చంగా సరిపోతుంది. అందరికీ కళ్ళనీళ్ళు రావడం ఖాయం.

సోమవారం మాన్పించబోయే మనిషిని ఆదివారం పొగడటం బాగుంటుందా అని ఒక్క క్షణం అనిపించింది. ఆలోచిస్తే అదే సరైన పద్ధతి. ఊరందరి ముందు మెచ్చుకుని, ఒక మంచి గోడ గడియారం చేతికిచ్చి, గౌరవంగా పంపించొచ్చు. ఇంతకంటే ఎవరు చేస్తారు? సొలొమోను మటుకు గడియారం ఇచ్చాడా?

12వ తేదీ, గురువారం

ప్యాంట్లూ వెయిస్టుకోట్లూ అన్నీ బాబాయి కత్తిరించేశాడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు నా టేపు పెట్టి చూశాను. అన్నీ అంగుళం ఎక్కువే. ఒక్కటి కాదు రెండు కాదు, ఇరవై రెండూ. తప్పు చేసినా ఎంత వరసగా చేస్తాడో. ఆయన కత్తెరలో ఎప్పుడూ ఆ నిలకడ ఉంది.

చెబితే చిన్నబుచ్చుకుంటాడు. పోయే ముందు మనసు కష్టపెట్టడం దేనికి? పొద్దున్నే ఆయన రాకముందు వెళ్ళి, ఆ అంగుళం కుట్టులోకి తీసేసి కుట్టేస్తాను. ఆయనకి తెలియనే తెలియదు.

ఇలాంటి పనులు చేసి బయటికి చెప్పుకోకపోవడంలోనే గొప్పతనం ఉంది. అందుకే ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

14వ తేదీ, శనివారం

నాలుగు జతలు అయ్యాయి. కుట్టినవి కుట్టినట్టు వెనకగదిలో కడ్డీకి తగిలిస్తున్నాను. మా ఆయన సూపు చూసి, "ఇది నిన్నటిదేనా, కొత్తగా పెట్టిందా?" అని అడిగాడు. తేడా తెలియడం లేదట.

16వ తేదీ, సోమవారం

బాబాయికి ఈమధ్య నా మీద ఎంత అభిమానమో. మధ్యాహ్నం కాగానే, "ఇంటికెళ్ళి నిదానంగా తినిరా అమ్మా, నేనిక్కడే ఉంటాను, నాకు ఆకలి లేదు" అని పంపించేస్తున్నాడు. ఇదివరకు ఒంటిగంట కొట్టిందంటే షాపు తగలబడుతున్నా టిఫిన్ డబ్బా విప్పేవాడు. వయసు మీద పడితే ఆకలి పోతుంది కాబోలు. ఇంకా బెంగ పట్టుకుంది నాకు.

అయినా ఆయన్ని మాన్పించే విషయంలో మాట మార్చను.

17వ తేదీ, మంగళవారం

నల్ల దారం మూడు రీళ్ళూ అయిపోయాయి. లెక్కకి రెండు చాలాలి. మిషన్ దారం ఎక్కువ తింటోంది. బెల్టు మార్చాలేమో.

పాటల బృందం పెద్దాయన ట్రయల్ ఎప్పుడు అని అడిగాడు. వద్దన్నాను. నేను సరిచేసినా, ఎక్కడో ఒకటి మిగిలిపోయి వదులుగా ఉంటే బాబాయి ఎదుటే అనేస్తారు. ఆయన ముఖం చూడలేను. వింతేంటంటే, బాబాయి కూడా వెంటనే అందుకుని, "ట్రయల్ దేనికండీ, మా అమ్మాయి కొలిచిందంటే కొలిచినట్టే" అన్నాడు. పాపం.

18వ తేదీ, బుధవారం

గండం గడిచింది. గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళి వచ్చేసరికి బాబాయి, "ఎవరో గుడ్డల ఏజెంటట, వచ్చాడు. షాపంతా చూసి వెళ్ళాడు" అన్నాడు. శుభ్రమైన గోళ్ళాయన అన్నమాట. చెప్పా పెట్టకుండా వచ్చినందుకు పళ్ళు నూరుకున్నాను. కానీ బాబాయికి అనుమానం రాలేదు. ఏజెంటనే అనుకున్నాడు. అమాయకుడు.

సాయంత్రం ఆయన కత్తెరలు రెండూ సాన పట్టించుకొచ్చాడు. కటింగ్ టేబుల్ కింద సొరుగులన్నీ ఖాళీ చేసి, తుడిచి, సుద్దముక్కలు ఒక డబ్బాలో, స్కేళ్ళు ఒక డబ్బాలో సర్దాడు. యాభయ్యేళ్ళ వేడుక దగ్గర పడుతోందని హుషారు.

20వ తేదీ, శుక్రవారం

పదకొండు జతలూ ఇస్త్రీ చేసి పంపించాం. బాబాయి ఒక్కో ప్యాంటూ మడతపెడుతూ నడుంపట్టీ మీద చెయ్యి వేసి రాశాడు. బయటికి వెళ్ళి ఎదురు షాపువాడితో ఇస్త్రీపెట్టె విషయంలో పోట్లాడి వచ్చాను. కాస్త తేలికపడింది.

21వ తేదీ, శనివారం

గడియారం కొన్నాను. రేపు ప్రసంగం అయ్యాక చెప్తాను. తప్పకుండా.

22వ తేదీ, ఆదివారం

అన్నీ వరసగా రాయకపోతే రేపటికి నేనే నమ్మను.

పాటల బృందం లోపలికి వస్తుంటేనే అనుమానం వచ్చింది. పదకొండు మందీ అడుగులో అడుగేసుకుంటూ, నీళ్ళకుండలు మోస్తున్నట్టు నడిచొచ్చారు. బేకరీ ఆయన ముఖం ఎర్రగా ఉంది. భక్తి అనుకున్నాను.

మొదటి పాట అయింది. పాస్టరుగారు "కూర్చోండి" అన్నాడు. జనం కూర్చున్నారు. బృందం కూర్చోలేదు. పాస్టరుగారు మళ్ళీ చెప్పాడు. పదకొండు మందీ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని అలాగే నిలబడ్డారు. అది చూసి ముందు వరసలో ఒక పెద్దావిడ, యాభై ఏళ్ళ వేడుక కదా, నిలబడే వినాలి కాబోలు అనుకుని లేచింది. ఆవిడ వెనక వరస లేచింది. చూస్తుండగానే చర్చి అంతా లేచి నిలబడింది. చివరికి పాస్టరుగారు కూడా వాళ్ళ భక్తికి కదిలిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

రెండో పాటలో ఒకచోట గొంతు బాగా పైకి లేపి, ఊపిరి ఆపి నిలబెట్టాలి. బేకరీ ఆయన ఊపిరి పీల్చాడు. వెయిస్టుకోటు గుండీ ఎగిరి, ఆర్గన్ వాయిస్తున్న పాస్టరమ్మగారి చెయ్యి మీద పడింది. ఆవిడ ఉలిక్కిపడి తప్పు మెట్టు నొక్కింది. ఆ తప్పు మెట్టుకి సరిపోయేలా పాడాలని బృందం పెద్దాయన ఇంకాస్త గట్టిగా పీల్చాడు. ఆయనవి రెండు పోయాయి. తర్వాత వరసగా టప టపా. చివర ఉన్నాయన ఎగిరిపోయిన గుండీ కోసం వంగాడు. ఎక్కడ చిరిగిందో రాయనక్కర్లేదు. చర్చి అంతటికీ వినపడింది.

నేను లేచి నిలబడి, అంటే అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి ముందుకి వచ్చి, "తప్పు నాది" అన్నాను. సరిగ్గా అదే సమయానికి అవతలి వరసలోంచి బాబాయి గొంతు, "తప్పు నాదండీ, నా కళ్ళు" అని.

పాస్టరుగారు బైబిలు పఠనం కాస్త పెద్దది పెట్టాడు. బృందాన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళాం. పదకొండు మందిని గోడవైపు తిప్పి నిలబెట్టి, నేనొక చివరి నుంచి, బాబాయి ఒక చివరి నుంచి కుట్లు విప్పడం మొదలుపెట్టాం.

మొదటి ప్యాంటు వెనక కుట్టు విప్పుతుంటే కింద ఇంకో కుట్టు కనపడింది. నాది కాదు. నేను మిషన్ మీద కుట్టాను. ఇది చేతికుట్టు, చిన్న చిన్నగా, ఒక్కటీ వంకర లేకుండా. అలాంటి కుట్టు ఈ ఊళ్ళో ఒక్కరే వేస్తారు.

"బాబాయీ, ఇది మీరు తీశారా?"

ఆయన దొరికిపోయిన ముఖం పెట్టాడు. "నీ కొలత అంగుళం వదులుగా వస్తోందమ్మా. రెండు నెలలుగా చూస్తున్నా. కొత్తలో ఎవరికైనా అంతే. చెబితే చిన్నబుచ్చుకుంటావని, నువ్వు తినడానికి వెళ్ళినప్పుడు ఒక్కో అంగుళం తగ్గించా. జాగ్రత్త కోసం ఇంకో పావు."

"నా కొలత వదులా? మీ కటింగే వదులు. నేను పొద్దున్నే వచ్చి ఇరవై రెండిటికీ అంగుళం కుట్టులోకి తీశాను."

"నువ్వూ తీశావా?"

"నేనూ తీశాను."

గోడవైపు తిరిగిన బేకరీ ఆయన, "నాకు మాత్రం ఇద్దరూ తీసినట్టే తెలిసిందమ్మా" అన్నాడు.

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఒక్కసారికే ఎక్కించేశాడు.

"మీ కళ్ళు?" అన్నాను.

"నా కళ్ళకేమమ్మా, బాగానే ఉన్నాయి. గిరాకీ ముందు నీ కొలత తప్పని ఎలా అంటాను? ఏదో ఒకటి చెప్పాలిగా."

హెడ్‌మాస్టారి ముందు, మిగతా ముగ్గురి ముందు, ప్రతిసారీ చెప్పిన ఆ మాట. తప్పు ఒప్పుకుంటే జరగనట్టేనా అని నేను ఇక్కడే రాశాను.

అప్పటికీ ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. నా కొలత సరైనదే అని నేను, నా కత్తెర సరైనదే అని ఆయన. మాటా మాటా పెరిగి, నేను సంచీలోంచి, ఆయన జేబులోంచి టేపులు తీసి, మెడలు తిప్పి చూస్తున్న పదకొండు జతల కళ్ళ ముందు బల్ల మీద పక్కపక్కన పరిచాం. నా ముప్పై ఏడు దగ్గర ఆయనది ముప్పై ఆరు.

ఆయన టేపు నాన్న కొనిచ్చింది. గుడ్డ టేపు. ఇన్నేళ్ళు లాగి లాగి అంగుళం సాగిపోయింది. కొలిచేదీ కత్తిరించేదీ ఆ ఒక్క టేపుతోనే అయినన్నాళ్ళూ ఏ తేడా రాలేదు, తక్కువ చూపిన చోట అంతే ఎక్కువ కత్తిరించేది కాబట్టి. నేను కొత్త టేపు తెచ్చి కొలవడం మొదలుపెట్టాక వచ్చింది తేడా. అంటే ఈ గొడవంతా తెచ్చింది నేనే. ఆయన కొలతా తప్పు కాదు, కత్తెరా తప్పు కాదు.

ఊరు కూడా లావెక్కలేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "అయితే నా సూపు?" అన్నాడు. దానికి తర్వాత సమాధానం చెప్తానన్నాను.

పిన్నీసులు పెట్టి, వెనక కుట్లు సగం విప్పి, వెయిస్టుకోట్లు తెరిచి వదిలేసి, బృందాన్ని బయటికి పంపాం. తర్వాతి పాట బ్రహ్మాండంగా పాడారు. ఊపిరాడటం వల్ల కావచ్చు.

తర్వాత నన్ను పిలిచారు. రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను. కొడుకు తిరగబడితే దావీదు పారిపోయినప్పుడు బర్జిల్లయి పరుపులూ గిన్నెలూ గోధుమలూ మోసుకొచ్చాడని చెప్పాను. మణికట్టు సంగతి చెప్పాను. ఎనిమిది నెలలు వేరేవాళ్ళ పేరుతో కత్తిరించిన మనిషి మూడో వరసలో ఉన్నాడని చెప్పాను. అనుకున్నట్టే అందరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, ఇంత కృతజ్ఞత ఎక్కడా చూడలేదంది. భూమి చీలితే బావుణ్ణనిపించింది.

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నేను చూడగానే నవ్వాడు.

గడియారం సంచీలోంచి తియ్యలేదు. కొత్త ఆయనకి పొద్దున్నే ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. బాబాయికి ఏమీ తెలియదు, ఇక తెలియాల్సిన పనీ లేదు. కొద్దిలో తప్పింది. దేవుడు నన్ను కాపాడాడు.

23వ తేదీ, సోమవారం

తొమ్మిదయింది, బాబాయి రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన నాకంటే ముందు రాని రోజు లేదు. నిన్నటి అలసట అనుకున్నాను. కొత్త ఆయనకి ఫోన్ చేశాను.

పని లేదని చెబితే అతను నొచ్చుకోలేదు. "నాకు ముందే మొహమాటంగానే ఉందమ్మా" అన్నాడు. "బుధవారం వచ్చినప్పుడు ఆ మాస్టారు నన్ను అంత బాగా చూసుకున్నారు."

"ఆయనకి మీరెవరో తెలుసా?"

"నేను చెప్పకముందే గుర్తుపట్టారు. నా గోళ్ళు చూసి, కట్టరువా అని అడిగారు. ఎప్పటి నుంచి వస్తున్నావు అన్నారు. సోమవారం అన్నాను. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. ఏ సొరుగులో ఏముందో చూపించారు. ఏ గిరాకీకి ఏ భుజం దిగి ఉంటుందో చెప్పారు. కత్తెరలు సాన పట్టించి పెడతానన్నారు."

నేను కటింగ్ టేబుల్ కింద సొరుగు లాగి చూశాను.

"ఇంకో మాట కూడా చెప్పారు" అన్నాడు అతను. "మా అమ్మాయి మంచిది, పని బాగా వచ్చు, కాకపోతే కొలత అంగుళం వదులుగా తీస్తుంది, నువ్వు అంగుళం తగ్గించి కత్తిరించు, ఆ సంగతి మాత్రం ఆమెకెప్పుడూ చెప్పకు, బాధపడుతుంది అన్నారు. మీకు తెలుసనుకుని చెప్పేశాను. తెలియదా?"

షాపు తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు.

బాబాయి గది మా షాపుకి నాలుగు వీధుల అవతల, మేడ మీద. తలుపు తీసే ఉంది. ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎందుకు రాలేదు?" అని అరిచాను. అరవాలని అనుకోలేదు.

"నువ్వు చెప్పలేక రెండు వారాలుగా అవస్థ పడుతున్నావు కదమ్మా. అవసరం లేకపోయినా దారం తెమ్మన్నావు. నేనే రాకపోతే నీకు ఆ చెప్పే బాధ తప్పుతుందని" అన్నాడు.

"నిన్న తెలిసిందిగా, తప్పు మీది కాదని."

"తప్పు ఎవరిదైతే ఏం. డెబ్భై నాలుగొచ్చాయి. నీకు బరువు కాకూడదు."

"అతన్ని రావద్దన్నాను" అన్నాను. "పొద్దున్నే చెప్పేశాను. మీరు లేవండి."

సంతోషిస్తాడనుకున్నాను. గబుక్కున ముందుకి వంగాడు. ముఖంలో కంగారు.

"అతని నంబరు నీ దగ్గరుందా? నాకియ్యి. నిన్న చర్చి నుంచి వచ్చినప్పటి నుంచీ అదే ఆలోచన. నంబరు లేదు, ఎవరిని అడగాలో తెలియలేదు."

ఫోన్ కలిపి ఇచ్చాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడాడు, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు.

"నాయనా, నేను మాస్టారిని. బుధవారం నీకు మా అమ్మాయి గురించి ఒక మాట చెప్పాను. అది తప్పు. ఆ పిల్ల కొలతలో తేడా లేదు. సాగింది నా టేపు. నువ్వు ఎక్కడ పనిచేసినా, ఎవరి దగ్గరా ఆ మాట అనకు. నేనే అన్నానని తెలిస్తే వాళ్ళ నాన్న నన్ను క్షమించడు."

నేను బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బాగా ఏడ్చాను. కింది ఇంటావిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది.

కాసేపటికి బాబాయి చెప్పులేసుకుని బయటికి వచ్చి, గదికి తాళం పెట్టాడు. "జరుగమ్మా, దారికి అడ్డంగా కూర్చున్నావు" అన్నాడు. షాపు తెరిచేసరికి పదకొండయింది. హెడ్‌మాస్టారు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. బాబాయి నన్ను పక్కకి జరిపి, తనే ముందుకి వెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకొచ్చి, కొలత తీసుకోమని నన్ను పిలిచాడు.